గురి ఉన్న సాధన: ఖరగ్‌పూర్ మైదానాల్లో పిల్లల క్రీడాశిక్షణ

క్రీడాకారుడు మైదానంలో గడిపిన కాలానికీ, అతని ఆటలో కలిగిన ప్రగతికీ మధ్య సంబంధం సామాన్యంగా అనుకునేంత సూటిగా ఉండదు. ఒకే వయసు పిల్లలు ఒకే మైదానంలో రోజుకు రెండేసి గంటల చొప్పున మూడేళ్ళు ఆడినా, కొందరి ఆట ఏటేటా పదును తేలుతుంటే మరికొందరి ఆట మొదటి ఏడాది ఎక్కిన మెట్టు మీదే ఆగిపోవడం శిక్షకులందరికీ అనుభవంలో ఉన్న విషయమే. ఈ తేడాకు పుట్టుకతో వచ్చిన ఒడుపు ఒక కారణం కావచ్చు, తిండీ ఆరోగ్యమూ ఇంటి పరిస్థితులూ మరికొన్ని కారణాలు కావచ్చు; అవన్నీ ఒప్పుకున్న తరువాత కూడా, పెద్దల చేతిలో ఉన్నది, రేపటి నుంచే మార్చగలిగినది ఒకటి మిగులుతుంది. అది సాధన చేసే తీరు. పిల్లలు ఎంతసేపు ఆడారని అడిగే ముందు, ఆ సేపట్లో దేన్ని దిద్దుకోవడానికి ఆడారని అడగాలన్నది ఈ ప్రసంగంలో ప్రతిపాదించే విషయం. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం, అక్కడ తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ ప్రతిపాదనకు ఆధారభూమి.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, పాతతరం వారి నోట బీ.ఎన్.ఆర్., హౌరా నుంచి నాగపూర్ వైపూ మద్రాసు వైపూ సాగే మార్గాలు విడిపోయే చోట ఈ పట్టణాన్ని పెంచింది. ఇక్కడి వర్క్‌షాప్‌లోనూ యార్డులోనూ షెడ్లలోనూ పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరలివచ్చిన తెలుగువారు నింపురా, మథురాకాటి, మలంచా వంటి పేటల్లో ఇళ్ళు కట్టుకొని నిలిచిపోయారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదాను ఆమోదించడానికి ఈ పట్టణపు తెలుగు జనాభాయే ముఖ్య కారణం. రైల్వే తన ఉద్యోగులకు క్వార్టర్లతో పాటు ఆటస్థలాలను కూడా కల్పించడం వల్ల, బీ.ఎన్.ఆర్.కు వారసత్వంగా వచ్చిన ఆగ్నేయ రైల్వే క్రీడా సంఘం పేరు మీద సెర్సా అని పిలిచే స్టేడియం పట్టణపు క్రీడాజీవనానికి నడిబొడ్డుగా నిలిచింది. 2001 నుంచి 2003 వరకు ఇక్కడ టికెట్ ఎగ్జామినరుగా ఉద్యోగం చేస్తూ రైల్వే జట్టుకు ఆడిన మహేంద్రసింగ్ ధోనీ, 2005 ఏప్రిల్ 5న విశాఖపట్నంలో పాకిస్థాన్ మీద 148 పరుగులు చేసి దేశమంతటికీ తెలిసినవాడయ్యాడు. ఆ పేరు తలచుకొని మైదానానికి వచ్చే పిల్లలకు ఉత్సాహం కొదవ ఉండదు. ఆ ఉత్సాహానికి ఒక క్రమాన్ని జతచేయడమే శిక్షకుల ముందున్న పని.

ఆట, అభ్యాసం, సాధన అన్న మూడు మాటలు వ్యవహారంలో ఒకదాని బదులు ఒకటి వాడుకలో ఉన్నా, శిక్షణను గురించి ఆలోచించేటప్పుడు వాటిని విడదీసి చూడాలి. పిల్లలు తమలో తాము నియమాలు పెట్టుకొని సరదా కోసం ఆడుకునేది ఆట. వచ్చిన పనినే వచ్చినట్టుగా మళ్ళీ మళ్ళీ చేయడం అభ్యాసం. రాని పనిని, లేదా సగం వచ్చిన పనిని గుర్తించి, దానికొక గురి పెట్టుకొని, ప్రతి ప్రయత్నం ఫలితాన్నీ గమనిస్తూ దిద్దుకోవడం సాధన. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ 1993లో ఇద్దరు సహచరులతో కలిసి బెర్లిన్ సంగీత విద్యాలయంలోని వయొలిన్ విద్యార్థుల మీద ప్రచురించిన అధ్యయనం ఈ భేదాన్ని ప్రపంచం దృష్టికి తెచ్చింది. 2016లో వెలువడిన తన పుస్తకంలో ఆయన సాధనలో కూడా రెండు అంతస్తులను చూపాడు. స్పష్టమైన గురి, పూర్తి శ్రద్ధ, వెంటనే తెలిసే ఫలితం, ప్రస్తుత శక్తికి కొంచెం మించిన కష్టం అనే నాలుగూ ఉన్నది ఉద్దేశపూర్వక సాధన. ఆ నాలుగింటికీ తోడు, ఆ విద్యలో ఇదివరకే నిగ్గు తేలిన పద్ధతులను ఎరిగిన గురువు నిర్దేశం కూడా ఉంటే అది నిర్దేశిత సాధన.

అభ్యాసం ఒక దశ దాటిన తరువాత ఎందుకు ఫలించదో కూడా ఇక్కడే తెలుసుకోవాలి. ఏ శారీరక నైపుణ్యమైనా మొదట ఆలోచనతో, తడబాటుతో సాగి, కొంతకాలానికి ఆలోచన అవసరం లేని అలవాటుగా మారుతుంది. సైకిల్ తొక్కడం నేర్చిన పిల్లవాడు తరువాత హ్యాండిల్ వైపు చూడకుండానే తొక్కినట్టు, బంతిని ఒక తీరున ఆపడం అలవాటైన పిల్లవాడు అదే తీరున వేలసార్లు ఆపుతాడు. అలవాటు మంచిదైతే అది వరమే. అందులో చిన్న లోపం ఉంటే మాత్రం, ప్రతి పునరావృత్తితోనూ ఆ లోపం కూడా ఒప్పుతో సమానంగా గట్టిపడుతుంది, ఎందుకంటే శరీరం దేన్ని ఎక్కువసార్లు చేస్తే దాన్నే నేర్చుకుంటుంది తప్ప అందులో మంచిచెడ్డలను తనంత తానుగా ఎంచుకోదు. గంటలు పెరిగినా ఆట పెరగని పిల్లల్లో తరచు జరుగుతున్నది ఇదే కాబట్టి, వారిని బద్ధకస్తులని నిందించడం వల్ల ప్రయోజనం లేదు.

ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్ళలో తాతలకూ తండ్రులకూ బాగా తెలిసిన ఒక పని ఈ విషయాన్ని అరటిపండు ఒలిచినట్టు చెబుతుంది. ఇక్కడి వర్క్‌షాప్‌కు రైలుపెట్టె నిర్ణీత కాలానికొకసారి పూర్తి మరమ్మతుకు, అంటే పీ.ఓ.హెచ్. అని కార్మికులు పిలిచే పనికి వస్తుంది. వచ్చిన పెట్టెను వచ్చినట్టే మరో వందమైళ్ళు నడిపి చూస్తే అది బాగుపడదని అందరికీ తెలుసు. పెట్టెను బోగీలనే చక్రాల చట్రాల మీద నుంచి పైకెత్తి, చక్రాలు, స్ప్రింగులు, బ్రేకు సామగ్రి, బేరింగులు విడదీసి, కడిగి, ఒక్కొక్కదాన్ని గేజితో కొలిచి, అరిగినదాన్ని సరిచేసి, సరికానిదాన్ని మార్చి, మళ్ళీ కూర్చి, పరీక్షించి పంపుతారు. క్రీడానైపుణ్యాన్ని మెరుగుపరచడంలో ఉన్న అంచెలు కూడా ఇవే: విడదీయడం, కొలవడం, దిద్దడం, కూర్చడం, పరీక్షించడం. కొలతలో వెంట్రుకవాసి తేడాను కూడా ఒప్పుకోని చేతులు పెంచిన పిల్లలకు, అదే నిశితత్వాన్ని మైదానంలో నేర్పడం కొత్త విద్య కాదు.

మొదటి అంచె విడదీయడం. దీనికి విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి ఎంచుకున్న నూరు మీటర్ల హర్డిల్స్ పరుగు చక్కని నిదర్శనం. ఈ పరుగులో 83.8 సెంటీమీటర్ల ఎత్తున్న పది అడ్డంకులను దాటాలి. మొదటిది ఆరంభరేఖకు 13 మీటర్ల దూరంలోనూ, తక్కినవి ఒకదానికొకటి 8.5 మీటర్ల ఎడంలోనూ ఉంటాయి, చివరి హర్డిల్ తరువాత గమ్యరేఖకు 10.5 మీటర్లు మిగులుతుంది. ఒక హర్డిల్‌కూ మరోదానికీ మధ్య మూడు అడుగులే పడాలి. ఆమె 2022 మే నెలలో సైప్రస్‌లో 13.23 సెకన్లలో పరుగు ముగించి, ఒడిశాకు చెందిన అనురాధా బిస్వాల్ పేరు మీద 2002 నుంచి నిలిచి ఉన్న 13.38 సెకన్ల జాతీయ రికార్డును దాటింది; 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో 12.78 సెకన్లకు చేరింది. ఈ పదిహేను నెలల మెరుగుదల 0.45 సెకను. పది హర్డిల్స్‌కు పంచి చూస్తే ఒక్కొక్కదాని దగ్గర మిగిలింది సెకనులో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ. వేగంగా పరుగెత్తమని గట్టున నిలబడి అరిస్తే ఇంత సూక్ష్మమైన లాభం చిక్కదు. ఆరంభం, మొదటి హర్డిల్ వరకు అడుగుల లెక్క, ముందుకాలు లేచే తీరు, వెనుకకాలు దాటే తీరు, నేలను తాకిన వెంటనే పడే అడుగు అని పరుగును భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని విడిగా పట్టించుకున్నప్పుడే అది సాధ్యమవుతుంది. నేర్చుకునే పిల్లలకు హర్డిల్ ఎత్తునూ ఎడాన్నీ తగ్గించి పెట్టడం కూడా ఇందులో భాగమే, ఎందుకంటే భయపడుతూ దూకే పిల్లవాడు నేర్చుకునేది భయపడుతూ దూకడమే.

రెండో అంచె కొలవడం. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి, మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు దక్కిన 2000 నాటి సిడ్నీ పోటీల్లో, 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ మహిళ అయింది. బరువును నేల మీద నుంచి ఒకే ఊపున తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110 కిలోలు, ముందు భుజాల వరకూ ఆ తరువాత తలపైకీ ఎత్తే క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఆమె ఎత్తింది; బంగారు పతకానికి పలికిన బరువు 242.5 కిలోలు. రెండున్నర కిలోల ఎడం పతకం రంగును నిర్ణయించే ఈ క్రీడలో సాధనను కొలవకుండా సాగించడం ఊహకు కూడా అందదు. ఏ రోజు, ఏ పద్ధతిలో, ఎంత బరువు, ఎన్నిసార్లు, అందులో ఎన్ని సరిగ్గా కుదిరాయి అన్న లెక్క లేకపోతే మరునాటి బరువును నిర్ణయించే ఆధారమే ఉండదు. ఇనుప పళ్ళెం మీద అంకె వేసి ఉంటుంది కాబట్టి వెయిట్‌లిఫ్టర్లకు ఈ కొలత సహజంగా అబ్బుతుంది. ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్ పిల్లలకు దాన్ని శిక్షకుడు కల్పించి ఇవ్వాలి.

అలా కల్పించడానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. పది మీటర్ల దూరంలో, మీటరు ఎడంగా రెండు రాళ్ళు పెట్టి, ఎడమకాలితో ఇరవై బంతులను వాటి మధ్య నుంచి పంపమంటే, ఎన్ని వెళ్ళాయన్నది ఆ పిల్లవాడి ఎడమకాలి పాస్‌కు నమ్మదగిన కొలత అవుతుంది. ఇరవైకి ఇరవై వెళ్తే ఆ పని అతనికి చాలా తేలిక కాబట్టి ఎడం తగ్గించాలి. మూడో నాలుగో వెళ్తే చాలా కష్టం కాబట్టి దూరం తగ్గించాలి. సగానికి పైగా కుదురుతూ, మిగిలినవి తప్పుతూ, ఎందుకు తప్పాయో ఆలోచింపజేసే స్థాయి నేర్చుకోవడానికి అనువైనది. తప్పే అవకాశం లేని చోట నేర్పు పెరగదు, కుదిరే అవకాశం లేని చోట మనసు నిలవదు.

మూడో అంచె దిద్దడం. ఇందులో శిక్షకుడు అందించే సమాచారం రెండు రకాలుగా ఉంటుంది. బంతి ఎక్కడ పడింది, కాలం ఎంత పట్టింది అన్నది ఫలిత సమాచారం. శరీరం ఏ తీరున కదిలింది అన్నది క్రియా సమాచారం. మొదటిదాన్ని పిల్లలు చాలావరకు తామే చూడగలరు, రెండోదానికి మాత్రం మరొకరి కన్ను అవసరం. అయితే ప్రతి ప్రయత్నం తరువాతా సూచన వినిపిస్తుంటే పిల్లవాడు తన శరీరం చెప్పేది వినడం మాని శిక్షకుడి గొంతు కోసం ఎదురుచూస్తాడు కాబట్టి, నాలుగైదు ప్రయత్నాలకొకసారి, ముందుగా ఏమి జరిగిందని పిల్లవాడినే అడిగి, ఆ తరువాత ఒక్క సూచన ఇవ్వడం మేలు. ఆ సూచన దేని మీద మనసు నిలపమంటుందన్నది కూడా ముఖ్యమే. గాబ్రియేలా వూల్ఫ్ 1990ల నుంచి సాగించిన పరిశోధనలు, కదిలే అవయవం మీద కన్నా ఆ కదలిక బయట కలిగించే ఫలితం మీద మనసు నిలిపినవారు త్వరగా, స్థిరంగా నేర్చుకుంటారని తేల్చాయి. మణికట్టును ఇలా తిప్పు అనడం కన్నా, బంతి గోలుస్తంభం మొదట్లో తగలాలి అనడం పిల్లవాడికి ఎక్కువ ఉపకరిస్తుందన్నమాట.

ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో ఈ దిద్దుబాటుకు భాష కూడా ఒక సాధనమవుతుంది. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, బడిలో ఇంగ్లీషు గానీ హిందీ గానీ, బజారులో బెంగాలీ వినే పిల్లవాడు మైదానంలో ఏ భాషలో సూచన విన్నా దాని సారం గ్రహిస్తాడు. కానీ పరుగు మధ్యలో, ఆయాసంలో, క్షణంలో పదో వంతులో అందాల్సిన సూచన అనువాదం కోసం మనసులో ఆగకూడదు. అందువల్ల శిక్షకుడూ జట్టూ కలిసి ఒక్కో నైపుణ్యానికి ఒక్కో చిన్న మాటను, అది ఏ భాషదైనా సరే, ముందుగా అనుకొని స్థిరపరచుకోవాలి. ఆ మాట వెనుక ఉన్న వివరణను మాత్రం పిల్లవాడికి తీరిగ్గా, అతనికి బాగా తెలిసిన భాషలో ఒకసారి చెప్పి ఉండాలి. వివరణ తల్లిభాషలో, సూచన జట్టుభాషలో అన్న ఈ ఏర్పాటు బహుభాషా పట్టణానికి తగినది.

నాలుగో అంచె కూర్చడం, అంటే విడిగా నేర్చినదాన్ని ఆటలో కలపడం. ఇక్కడ చాలా శిక్షణలు దారితప్పుతాయి. ఒకే దూరం నుంచి, ఒకే వైపు నుంచి, ఒకే వేగంతో వంద బంతులు ఆడిస్తే ఆ పూటకు పిల్లవాడి ఆట నున్నగా కనిపిస్తుంది, చూసేవారికి తృప్తి కలుగుతుంది. మరునాటికి ఆ నునుపు నిలవదు. 1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు ఎనిమిదేళ్ళ పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుచేత మూడడుగుల దూరం నుంచే చిన్న గింజల సంచిని గురికి విసిరించారు, రెండో జట్టుచేత రెండడుగుల నుంచీ నాలుగడుగుల నుంచీ విసిరించారు. చివరి పరీక్షను మూడడుగుల దూరం నుంచి పెడితే, ఆ దూరం నుంచి అసలు సాధనే చేయని రెండో జట్టు మెరుగ్గా విసిరింది. 1986లో గూడ్, మాగిల్ బ్యాడ్మింటన్‌లోని మూడు రకాల సర్వీసుల మీద జరిపిన అధ్యయనంలో కూడా, ఒక్కో రకాన్ని వరుసగా ముగించినవారి కన్నా మూడింటినీ కలగలిపి సాధన చేసినవారే తరువాతి పరీక్షలో బాగా రాణించారు. కలగలుపు సాధనలో ప్రతి ప్రయత్నానికీ మనసు పరిస్థితిని కొత్తగా అంచనా వేసి, తగిన కదలికను కొత్తగా ఎంచుకోవలసి వస్తుంది. పోటీలో ఆటగాడు చేసేది కూడా అదే. కాబట్టి కదలిక కొద్దిగా పట్టుబడగానే దూరాలు, కోణాలు, వేగాలు మార్చాలి; ఎర్రమట్టి మైదానంలో బంతి ఒక్కోసారి ఒక్కోలా లేవడాన్ని కూడా ఆటంకంగా భావించక పాఠంగా వాడుకోవాలి.

ఇంత శ్రద్ధ కోరే సాధన ఎక్కువసేపు సాగదు, సాగించకూడదు కూడా. ఎరిక్సన్ పరిశీలించిన వయొలిన్ విద్యార్థుల్లో అగ్రశ్రేణి వారు గంట, గంటన్నర చొప్పున విడతలుగా సాధన చేసి మధ్యలో విశ్రమించేవారు. తక్కినవారి కన్నా ఎక్కువసేపు, మధ్యాహ్నపు కునుకుతో సహా, నిద్రపోయేవారు. పెరిగే వయసు పిల్లలకు ఇది మరింత వర్తిస్తుంది. వేసవిలో ఎండా ఉక్కా కలిసి పీల్చే ఈ ప్రాంతంలో తెల్లవారుజామున, లేదా పొద్దు వాలిన తరువాత మాత్రమే కష్టమైన సాధన పెట్టి, నీళ్ళు తాగే విరామాలను శిక్షణలో భాగంగా లెక్కించాలి. అలసిన శరీరం తప్పు కదలికను ఆశ్రయిస్తుంది, తప్పు కదలిక గాయాన్ని పిలుస్తుంది. కాబట్టి కదలిక చెడడం మొదలైన క్షణమే ఆ పూట సాధన ముగిసిందని గుర్తించడం శిక్షకుడి వివేకం.

మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను పట్టుకొని కొందరు తల్లిదండ్రులు ఆరేడేళ్ళకే పిల్లలను ఒక్క ఆటకు కట్టేస్తున్నారు. మొక్కను వంచడం వేరు, మొక్కకు ఒక్క వైపు నుంచే వెలుతురు రానివ్వడం వేరు. కెనడా పరిశోధకుడు జాన్ కోటే 1999 నుంచి ప్రతిపాదిస్తూ వచ్చిన క్రమంలో, ఆరు నుంచి పన్నెండేళ్ళ వరకు పలు ఆటలను రుచి చూసే దశ, పదమూడు నుంచి పదిహేనేళ్ళ వరకు ఒకటి రెండు ఆటల మీద మొగ్గే దశ, పదహారు తరువాత ఒక్క ఆటకు పూర్తిగా అంకితమయ్యే దశ ఉంటాయి. మొదటి దశలో ఆటే ప్రధానం, సాధన కొద్దిపాటిదే. చివరి దశలో సాధనే ప్రధానం.

ఈ క్రమానికి ఈ రైల్వే చరిత్రలోనే ఒక గొప్ప నిదర్శనం ఉంది. 1927లో రైల్వే పట్టణమైన బిలాస్‌పూర్‌లో పుట్టిన లెస్లీ క్లాడియస్ మొదట ఫుట్‌బాల్ ఆటగాడు. 1946లో బీ.ఎన్.ఆర్. హాకీ జట్లు రెండు తమలో తాము ఆడుతున్న ఆటను అతడు చూస్తుండగా, ఒక జట్టుకు ఒక మనిషి తక్కువైతే, 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన డికీ కార్ అతన్ని పిలిచి ఆడమన్నాడు. రెండేళ్ళు తిరిగేసరికి క్లాడియస్ లండన్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టులో ఉన్నాడు. 1948, 1952, 1956లలో బంగారు పతకాలు, 1960లో నాయకుడిగా రజతం గెలుచుకున్నాడు. దీన్ని అదృష్టం తలుపు తట్టిన కథగా చెప్పుకోవడం పరిపాటి అయినా, శిక్షణ దృష్టితో చూస్తే ఇందులో రెండు అంశాలు తేలుతాయి. ఫుట్‌బాల్‌లో అబ్బిన పరుగు, ఖాళీ చోటును పసిగట్టే చూపు హాఫ్‌బ్యాక్ స్థానంలో ఆడే హాకీ ఆటగాడికి కూడా కావలసినవే. అంతకు మించి, డికీ కార్, కార్ల్ టాప్‌సెల్, జో గాలిబార్డీ వంటి ఒలింపిక్ విజేతలకు నెలవైన సంస్థలో అతడు స్టిక్ పట్టాడు. మెరుగైన ఆట ఎలా ఉంటుందో కళ్ళెదుట కనిపించే చోట, తన ఆటకూ దానికీ ఉన్న ఎడాన్ని యువకుడు తానే కొలుచుకోగలడు. సీనియర్ల సాధనను దగ్గర నుంచి చూసే వీలును ఖరగ్‌పూర్ పిల్లలకు మళ్ళీ కల్పించడం ఏ పరికరం కన్నా విలువైన సాయం.

సాధన మహిమను చెప్పేటప్పుడు దాని హద్దును కూడా చెప్పడం నిజాయితీ. ఎరిక్సన్ బృందం చూసిన అగ్రశ్రేణి విద్యార్థుల సాధన ఇరవయ్యో ఏటికి సగటున పదివేల గంటలకు చేరిందన్న అంకెను, పదివేల గంటలు చేస్తే ఎవరైనా అగ్రగణ్యులవుతారన్న సూత్రంగా తరువాతివారు మార్చి ప్రచారం చేశారు. ఆ అన్వయాన్ని ఎరిక్సన్ స్వయంగా తోసిపుచ్చాడు. మాక్‌నమారా, ఆమె సహచరులు 2014లో అనేక అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, క్రీడల్లో ఒకరికీ మరొకరికీ ఉండే ఆటస్థాయి తేడాలో సుమారు 18 శాతాన్ని మాత్రమే సాధన పరిమాణం వివరించగలిగింది. దేహనిర్మాణం, మొదలుపెట్టిన వయసు, శిక్షకుడి నాణ్యత, గాయాలు, అవకాశాలు ఇలా ఎన్నో కారణాలు తక్కిన భాగాన్ని పంచుకుంటాయి. ఈ అంకెను నిరాశకు ఆధారంగా తీసుకోనక్కరలేదు. ప్రతి పిల్లవాడూ ఒలింపిక్స్‌కు చేరడు గానీ, ప్రతి పిల్లవాడూ గత నెలలో తానున్న చోటు నుంచి ముందుకు కదలగలడు. సాధన వాగ్దానం చేయగలిగిందీ, నిలబెట్టుకోగలిగిందీ అంతవరకే.

ఈ సూత్రాలన్నిటినీ పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లల ఒక సాయంత్రపు శిక్షణలో ఇమిడ్చి చూడవచ్చు. డెబ్బై అయిదు నిమిషాల వ్యవధిలో మొదటి పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించడానికి పోతాయి. తరువాతి ఇరవై నిమిషాల్లో ప్రతి ఒక్కరూ తమ పుస్తకంలో రాసి ఉన్న ఒక్క లోపం మీద, ఇద్దరిద్దరుగా, ఒకరు చేస్తే మరొకరు లెక్కపెడుతూ పనిచేస్తారు. ఆపై పదిహేను నిమిషాలు అదే నైపుణ్యాన్ని దూరాలూ దిశలూ మారుస్తూ, వేరే నైపుణ్యాలతో కలగలిపి చేస్తారు. మరో ఇరవై నిమిషాలు నలుగురు నలుగురుగా చిన్న ఆట ఆడతారు. ఆ రోజు దిద్దుకున్న పనిని తప్పక వాడవలసి వచ్చేలా శిక్షకుడు అందులో ఒక నియమం పెడతాడు, ఉదాహరణకు ఎడమకాలి పాస్‌తో మొదలైన గోలుకు రెండు మార్కులని. చివరి పది నిమిషాలు శరీరం చల్లబరచుకోవడానికీ, పుస్తకంలో మూడు విషయాలు రాసుకోవడానికీ: ఈ రోజు గురి ఏమిటి, లెక్క ఎంత వచ్చింది, రేపు దేన్ని మార్చాలి. నలభై మంది పిల్లలకు ఒక్కరే శిక్షకుడు ఉన్న చోట ఈ జంట పద్ధతీ, ఈ పుస్తకమూ ఆయన కళ్ళను నలభై రెట్లు చేస్తాయి.

తల్లిదండ్రులకు ఇందులో పాత్ర లేకపోలేదు. ఆటలో రాణిస్తే రైల్వేలో ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ ఈ పట్టణంలో సహజమైనది, గౌరవించదగినది. అయితే ఆ ఆశ ప్రతి పోటీలోనూ గెలుపునే అడిగితే, పిల్లవాడు రాని పనిని పోటీలో ప్రయత్నించే ధైర్యం కోల్పోయి, వచ్చిన నాలుగు ఎత్తులతోనే ఆడుతూ ఎదుగుదలను ఆపుకుంటాడు. ఇంటికి వచ్చిన పిల్లవాడిని గెలిచావా అని అడిగే చోట, ఈ రోజు ఏమి దిద్దుకున్నావని అడిగితే చాలు, సాధన అర్థం ఇంట్లోవారికీ పిల్లవాడికీ ఒకటవుతుంది. ఆడపిల్లలకు మైదానంలో సురక్షితమైన వేళనూ, బట్టలు మార్చుకునే చోటునూ, మగపిల్లలతో సమానమైన శిక్షణ సమయాన్నీ కల్పించడం కూడా సాధన నియమాల్లో మొదటి వరుసలో చేర్చవలసినదే. మల్లీశ్వరి, జ్యోతి పెరిగిన నేల నుంచి వచ్చిన కుటుంబాలకు ఈ మాట విడిగా నచ్చజెప్పవలసిన అవసరం ఉండకూడదు.

ఇక చివరి అంచె పరీక్షించడం. సాధన చేసిన పూటనే కనిపించే మెరుగుదలలో కొంత తాత్కాలికం. వారం గడిచిన తరువాత, ముందు సన్నాహం లేకుండా చేసినప్పుడు కూడా నిలిచి ఉన్నదే నిజంగా నేర్చుకున్నది. వర్క్‌షాప్‌లో పూర్తి మరమ్మతు ముగిసిన ప్రతి పెట్టె మీదా ఆ పని జరిగిన తేదీతో పాటు, అది తిరిగి రావలసిన తేదీని కూడా రంగుతో రాస్తారు; ఎంత బాగా చేసిన పనినైనా మళ్ళీ కొలిచి చూడాలన్న వినయం ఆ రెండో తేదీలో ఉంది. పిల్లవాడి సాధన పుస్తకంలో కూడా ప్రతి గురి పక్కనా అలాంటి రెండో తేదీ ఒకటి రాసి ఉండాలి. ఆ తేదీ వచ్చిన సాయంత్రం, అవే రెండు రాళ్ళ మధ్య నుంచి, అదే ఎడమకాలితో, మళ్ళీ ఇరవై బంతులు పంపి, తొమ్మిది ఉన్న చోట పదమూడు అని పిల్లవాడు తన చేతితో రాసుకున్నప్పుడు, ఆ నాలుగు బంతులు తన సొంత సంపాదన అని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.